టోపీ లేని టెర్మినళ్లు

పాతకాలం అంబాసిడర్ బానెట్ ఎత్తి పక్కరేకుల వైపు చూస్తే చిన్న నల్లపెట్టె ఒకటి కనిపిస్తుంది. షెడ్డుల్లో దాన్ని కటౌట్ అంటారు. డైనమో పుట్టించే కరెంటును అదుపులో ఉంచడం, సరిపడా వోల్టేజి వచ్చినప్పుడు బ్యాటరీకి కలపడం, తగ్గగానే విడదీయడం దాని పని. ఆ పెట్టెకు మూత ఉంది. మూత జారిపోకుండా స్ప్రింగు కొక్కెం ఉంది. మూత తీస్తే లోపల తీగచుట్టలు, వెంట్రుకవాసి ఎడంలో ముట్టీ ముట్టనట్టుండే పాయింట్లు ఉంటాయి. మూతకు దిగువన, పెట్టె బయట, ఎ, ఎ1, ఎఫ్, డి, ఇ అనే అక్షరాల దగ్గర అయిదు స్క్రూలు వరసగా నిలబడి ఉంటాయి. వాటి మీద ఏ మూతా లేదు. ఎ అన్న స్క్రూకు బ్యాటరీతో సంబంధం ఎప్పుడూ తెగదు, తాళంచెవి జేబులో ఉన్నా సరే. ఆ స్క్రూకూ కారు బాడీకీ మధ్య పానా ఒకటి అడ్డంగా పడితే కరెంటును ఆపడానికి దారిలో ఫ్యూజు కూడా లేదు. పాయింట్ల మీద దుమ్ము పడకుండా అంత శ్రద్ధగా మూత చేసినవాళ్లు, దానికి అంగుళం దూరంలో ఉన్న స్క్రూలను ఎందుకు బోడిగా వదిలేశారు? పాత కార్లను ఇష్టపడేవాళ్లలో కూడా చాలామంది దీనికి ఒకే జవాబు చెబుతారు: ఆ రోజుల్లో భద్రత సంగతి ఎవరికీ పట్టేది కాదు అని. ఈ జవాబు సగమే సరైనదని నా అభిప్రాయం. ఆనాటి తయారీదారులకు రక్షణ గురించి బాగానే తెలుసు. కాకపోతే దేన్ని దేని నుంచి కాపాడాలన్న లెక్క వేరు. ఆ లెక్క ఎప్పుడు, ఎందుకు మారిందో చెప్పేదే ఈ స్క్రూల చరిత్ర.

మొదటి కార్లలో కాపాడుకోవలసినంత కరెంటే లేదు. హ్యాండిల్ తిప్పి ఇంజను స్టార్టు చేసేవారు, దీపాలు గ్యాసువో నూనెవో, నిప్పురవ్వకు మాగ్నెటో. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టిలో మాగ్నెటో ఫ్లైవీలులోనే ఇమిడి ఉండేది. నాలుగు కాయిళ్లను ఒక చెక్కపెట్టెలో అమర్చి డ్రైవరు ముందు బిగించేవారు. ఎలక్ట్రిక్ స్టార్టరు ఆ కారులోకి 1919లో గానీ రాలేదు. అంతకుముందే, 1912 మోడలు కాడిలాక్‌తో, హ్యాండిల్ కొట్టే అవసరాన్ని చార్లెస్ కెటరింగ్ తప్పించాడు. ఆయన, ఎడ్వర్డ్ డీడ్స్ కలిసి ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో పెట్టిన కంపెనీ పేరు డేటన్ ఇంజనీరింగ్ లాబొరేటరీస్, పొట్టిగా డెల్కో. డిస్ట్రిబ్యూటరును డెల్కో అనే మెకానిక్కులు మన దేశంలో ఇప్పటికీ ఉన్నారు. కంపెనీ పేరు వస్తువు పేరై ఇక్కడిదాకా ప్రయాణం చేసింది. ఇంజనును తిప్పే మోటారు వచ్చిందంటే దానికి వందల ఆంపియర్లు పంపగల బ్యాటరీ రావాలి, ఆ బ్యాటరీని నింపే డైనమో రావాలి, వాటిని కలిపే చిటికెనవేలంత లావు కేబుళ్లు రావాలి. ఇలా పదిపదిహేనేళ్ల వ్యవధిలో బానెట్ కింద ఇద్దరు కొత్త నివాసులు చేరారు. ఒకరు వేల వోల్టుల సన్న కరెంటు, ప్లగ్గులకు వెళ్లేది. ఇంకొకరు ఆరు లేదా పన్నెండు వోల్టుల లావు కరెంటు, సెల్ఫ్ అనే స్టార్టరు మోటారుకు వెళ్లేది.

ఈ ఇద్దరితో తయారీదారులు వ్యవహరించిన తీరులో తేడా చూడండి. ప్లగ్గు వైర్లకు దళసరి రబ్బరు తొడుగు, కొసన రబ్బరు టోపీ. డిస్ట్రిబ్యూటరుకు బేకలైట్ మూత. లియో బేకలాండ్ ఆ పదార్థాన్ని 1907లో కనిపెట్టాడు, త్వరలోనే మోటారు పరిశ్రమ దాన్ని అక్కున చేర్చుకుంది. కాయిల్ నెత్తి మీద కూడా బేకలైటే, దాని మధ్య గుంతలో వైరు దిగి కూర్చుంటుంది. ఇంత కట్టుదిట్టం దేనికంటే వాన కోసం. వేల వోల్టుల కరెంటు తడి దొరికితే చాలు, పక్కదారి పట్టి బాడీలోకి పోతుంది. ప్లగ్గులో రవ్వ రాదు. కారు నడివానలో, నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. కారు ఆగితే కొన్నవాడు కంపెనీని తిడతాడు. బ్రిటన్‌లో ఎలక్ట్రికల్ సామాను అమ్మిన లూకాస్ కంపెనీని అక్కడి కార్ల యజమానులు చీకటి రాకుమారుడని ఇప్పటికీ వెక్కిరిస్తారు. లాంతర్లతో వ్యాపారం మొదలుపెట్టిన సంస్థకు అంతకంటే చేదు బిరుదు ఉండదు. ఇక్కడ మనకు కావలసిన సాక్ష్యం ఒకటుంది. ఒకే కారులో, ఒకే ఏడాది, ఒకే కంపెనీ పంపిన సామానులో ప్లగ్గు కొసకు రబ్బరు టోపీ ఉంది, కేబులు బిగించే సెల్ఫ్ స్టడ్డుకు లేదు. కాబట్టి తొడిగే పదార్థం లేకపోలేదు, తొడగడం తెలియకపోలేదు, ఖర్చు కూడా భరించలేనిది కాదు. ప్లగ్గు వైపు కాపాడదగినదిగా కనిపించింది, సెల్ఫ్ వైపు అలా కనిపించలేదు.

దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ: పన్నెండు వోల్టులు మనిషిని ఏం చేస్తాయి, పట్టుకున్నా షాక్ కొట్టదు కదా, ఇక కప్పడం ఎందుకు అని. షాక్ కొట్టదన్నది నిజమే. పొడి చేత్తో రెండు టెర్మినళ్లూ పట్టుకున్నా ఏమీ తెలియదు. కానీ అపాయాన్ని వోల్టుల్లోనే కొలవడం ఇక్కడ మోసం చేస్తుంది. మన శరీరం గుండా పోవడానికి పన్నెండు వోల్టులకు బలం చాలదు. ఇనప పానా గుండా పోవడానికి కావలసినంత ఉంది. మంచి బ్యాటరీ ఒకటి షార్టయితే కొద్ది క్షణాల పాటు వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. పానా అక్కడికక్కడే అంటుకుపోతుంది, అంచు కరిగి చిట్లుతుంది. వేలి ఉంగరమో గడియారం ఇనప పట్టీయో ఆ దారిలో ఇరుక్కుంటే నిమేషంలో ఎర్రగా కాలి చర్మంలోకి దిగుతుంది. బ్యాటరీ వర్క్‌షాపుల్లో చేతి ఉంగరాలు తీసేయమని చెప్పేది ఇందుకే. ఛార్జింగు అవుతున్న బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది; గాలిలో అది నాలుగు శాతం చేరితే చాలు, ఒక్క రవ్వకు పేలుతుంది, ఆ పేలుడుతో యాసిడ్ మొహం మీద పడుతుంది. ఇవేవీ 1930ల ఇంజనీర్లకు తెలియని సంగతులు కావు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు ఎర్త్ వైరు తీయాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి అన్న వాడుక ఈ ఎరుకలోంచే వచ్చింది. ఎర్త్ తీసేశాక లైవ్ టెర్మినల్ మీది పానా బాడీకి తగిలినా దారి పూర్తికాదు. జాగ్రత్త ఉంది, కాకపోతే అది వస్తువులో కాక మనిషి అలవాటులో ఉంది.

మరి ఆ బోడి టెర్మినళ్ల విషయంలో ఇంజనీర్లను నిజంగా కలవరపెట్టినదేమిటి? చిలుము. ఇత్తడి, రాగి, తడి, ఉప్పు, వాటిలోంచి ఎడతెగక పారే డీసీ కరెంటు: ఇవన్నీ ఒకచోట చేరితే లోహం కరిగిపోతుంది. అది కూడా ఇష్టం వచ్చినట్టు కాదు, పాజిటివ్ వైపున్న లోహమే ముందు కరుగుతుంది. టెలిఫోను ఎక్స్చేంజీల వాళ్లకు ఇది ఎప్పుడో అర్థమైంది. అందుకే వాళ్ల బ్యాటరీలో పాజిటివ్ కొసను భూమికి కలిపారు; లైను మీద వోల్టేజి మైనస్ 48. కరిగితే ఎర్త్ వైపు లావు లోహం కరుగుతుంది, సన్న రాగి తీగ బతుకుతుంది. 1930ల మధ్య నుంచి బ్రిటిష్ కార్లు కూడా బ్యాటరీ పాజిటివ్‌నే బాడీకి కలపడం వాడుక చేసుకున్నాయి. అప్పట్లో చెప్పిన కారణాల్లో టెర్మినళ్లు తినేయకుండా ఉండడం ఒకటి, ప్లగ్గు మధ్య కొసన నెగటివ్ పొలారిటీ ఉంటే రవ్వ సులువుగా పడడం మరొకటి. 1967 దాకా తయారైన ఎంజీబీ, అప్పటి దాకా వచ్చిన లాండ్ రోవర్ అన్నీ ఇదే పద్ధతి. ఈ ఏర్పాటు కారులో ఎంతవరకు ఫలించిందన్నది వేరే మాట. దాని ఉద్దేశం మాత్రం మన వాదానికి ముఖ్యం. బోడి టెర్మినల్‌ను కాపాడడానికి కారు కరెంటు దిక్కునే మార్చేశారు గానీ దాని నెత్తిన రబ్బరు ముక్క పెట్టలేదు. వాళ్ల దృష్టిలో రక్షించవలసింది టెర్మినల్‌ను, దాన్ని ముట్టుకునేవాణ్ణి కాదు.

ఆ కాలపు బ్యాటరీని దగ్గరగా చూస్తే ఈ ఆలోచన ఇంకా తేటపడుతుంది. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు పెట్టె, లోపల రెండేసి వోల్టుల గదులు ఆరు. పైన నల్లగా తారు పోసి అతికేవారు. ఒక గదినీ పక్క గదినీ కలిపే సీసపు కడ్డీలు ఆ తారు మీద బొటనవేలంత మందాన బయటికే కనిపిస్తాయి. అంటే బ్యాటరీ నెత్తి మీద బోడి లోహం రెండు చోట్ల కాదు, ఏడు చోట్ల ఉంది: రెండు టెర్మినళ్లు, అయిదు కడ్డీలు. ఇవాళ ఎవరైనా ఇలాంటి బ్యాటరీ అమ్మకానికి పెడితే మనం ఒప్పుకోం. కానీ ఆ కడ్డీలు బయట ఉండడానికి బలమైన కారణం ఉంది. రెండు ముళ్ల టెస్టరు పట్టుకుని, ఆ కడ్డీల మీద గుచ్చి, ఆరింట్లో ఏ గది చచ్చిందో మెకానిక్ నిమిషంలో తేల్చేవాడు. తారు కరిగించి, కడ్డీ కోసి, ఆ ఒక్క గదిలో ప్లేట్లు మార్చి, మళ్లీ సీసం పోసి అతికి పంపేవాడు. బ్యాటరీ బాగుచేయడం ఒక వృత్తిగా మన పట్టణాల్లో చాన్నాళ్లు బతికింది ఈ బయటి కడ్డీల పుణ్యమే. గదుల మధ్య గోడకు రంధ్రం చేసి, కలిపే కడ్డీని లోపలే దాచేసి, పైన ప్లాస్టిక్ మూతను కాల్చి అతికే పద్ధతి 1960ల నుంచి వ్యాపించాక షార్టయ్యే ప్రమాదం బాగా తగ్గింది, ఆ వృత్తీ దానితోపాటు పోయింది. లోహాన్ని కప్పడమంటే దాన్ని బాగుచేసే చేతిని కూడా బయట నిలబెట్టడమేనని ఇంతకంటే సూటిగా చూపే ఉదాహరణ నాకు తట్టడం లేదు.

ఇక్కడే నా వాదంలో అసలు భాగం ఉంది. పాత కారు బానెట్ కింది భాగం ఒక పనిచోటు. నెలకోసారైనా బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయమని, టెర్మినళ్లు తుడిచి పెట్రోలియం జెల్లీ రాయమని కారుతో వచ్చే పుస్తకాలే యజమానికి చెప్పేవి. డిస్ట్రిబ్యూటరు పాయింట్ల ఎడం సరిచూడాలి, టాపెట్లు సెట్ చేయాలి, డైనమో బుష్షులో నూనె చుక్క వేయాలి. ఇన్నిసార్లు తెరిచే చోట కప్పి ఉంచడం కంటే కనపడేలా ఉంచడమే మేలన్నది ఆనాటి తర్కం. స్క్రూ కనపడితే వదులైంది కనపడుతుంది, చిలుము కనపడుతుంది, టెస్ట్ బల్బు కొస ఆనించడానికి చోటు ఉంటుంది. రంగులు కూడా ఈ తర్కంలో భాగమే. లూకాస్ వైరింగులో గోధుమరంగు వైరు అంటే ఎప్పుడూ లైవ్, తెలుపంటే తాళం తిప్పాకే లైవ్, ఆకుపచ్చ అంటే దాని మీదే ఫ్యూజు దాటి వచ్చింది, నలుపు ఎర్త్. గోధుమరంగు వైరు ఏ స్క్రూ కింద దూరిందో ఆ స్క్రూ దగ్గర పానా జాగ్రత్త అని, రంగు చదవగలిగినవాడికి వైరే హెచ్చరిక చెబుతుంది. చదవగలిగినవాడు అన్నదే ఇందులో ఉన్న షరతు.

1960ల బ్రిటిష్ కార్లలో ఈ తర్కమంతా ఒక చిన్న భాగంలో పోగుపడింది. అది సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చు, సెల్ఫ్ సోలనాయిడ్. అరచేతిలో పట్టేంత డబ్బా, పక్కరేకుకు బిగించి ఉంటుంది. దానికి రెండు లావు రాగి స్టడ్లు: ఒకదానికి బ్యాటరీ నుంచి వచ్చే కేబులు, రెండోదానికి సెల్ఫ్‌కు వెళ్లే కేబులు. బ్యాటరీ వైపు స్టడ్డు మీదే కారు మిగతా వైరింగు మొత్తానికి కరెంటిచ్చే గోధుమరంగు వైర్లు కూడా లగ్గులు వేసుకుని కూర్చుంటాయి. డబ్బా ఒక కొసన రబ్బరు బొత్తాం ఉంటుంది. టాపెట్లు సెట్ చేసేటప్పుడు మెకానిక్ లోపలికి వెళ్లి తాళం తిప్పనక్కర్లేకుండా, నిలబడ్డచోటి నుంచే ఆ బొత్తాం నొక్కి ఇంజనును కొద్దికొద్దిగా తిప్పుకునేవాడు. బొత్తానికి రబ్బరు కప్పు ఎందుకంటే లోపలికి నీళ్లు దిగకూడదని, బొటనవేలికి హాయిగా ఉండాలని. ఆ బొటనవేలికి రెండంగుళాల దూరంలో, కారులోకెల్లా ప్రమాదకరమైన లోహం, నట్టు బిగించి, బోడిగా ఉండేది. కొన్ని కార్లలో కేబులు కొసకు రబ్బరు బూటు వచ్చేది, చాలావాటిలో రాలేదు. దీన్ని అజాగ్రత్త అంటే సోలనాయిడ్ చేసినవాడి తెలివిని తక్కువ చేసినట్టే. మెకానిక్ చెయ్యి అక్కడికి వస్తుందని అతనికి బాగా తెలుసు, ఆ చెయ్యి కోసమే బొత్తాం పెట్టాడు. ఆ చెయ్యికి తెలివి ఉంటుందని నమ్మాడు.

పదార్థాల మాట ఎత్తేవాళ్ల ఆక్షేపణను ఇంత తేలిగ్గా తీసేయలేం. సహజ రబ్బరు ఇంజను వేడికి, నూనె మరకలకు, ఎండకు పగుళ్లిస్తుంది. పగిలిన బూటు లోపల తడి నిలిచి, కప్పకపోతే వచ్చేదాని కంటే ఎక్కువ చిలుము పడుతుంది. బోడిగా ఉంటే గాలికైనా ఆరేది. నూనెకు తట్టుకునే కృత్రిమ రబ్బరు నియోప్రీన్‌ను డ్యూపాంట్ 1931లో మార్కెట్లోకి తెచ్చింది. మెత్తని పీవీసీ తయారుచేసే కిటుకు 1926లోనే గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్‌కు దొరికింది. అయినా కార్ల వైరింగు మీద నూలు అల్లిక తొడుగులు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా చాన్నాళ్లు నడిచాయి. కాబట్టి 1920ల కారుకు మంచి టోపీ చేయడం కష్టమేనని ఒప్పుకుంటాను. 1960 కారుకు కష్టమని ఒప్పుకోను. అప్పటికి పదార్థం వచ్చి దాదాపు ముప్పై ఏళ్లయింది, టోపీ మాత్రం రాలేదు. పదార్థం దొరకడం ఒకటి, కావాలనిపించడం ఇంకొకటి.

కావాలనిపించేలా చేసినవి మూడు మార్పులు, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మొదటిది ఆల్టర్నేటర్. 1960 మోడలు వాలియంట్‌తో క్రైస్లర్ దాన్ని మామూలు కార్లలోకి తెచ్చింది, ఆ దశాబ్దం ముగిసేసరికి లూకాస్ కూడా ఆ దారిన పడింది. బయటికి చూస్తే డైనమో స్థానంలో ఇంకో డైనమో వచ్చినట్టే ఉంటుంది. బోడి స్టడ్డు సంగతిలో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఇంజను ఆగగానే డైనమోను కటౌట్ బ్యాటరీ నుంచి విడదీసేది. డైనమో మీది లావు టెర్మినల్ అప్పుడు చచ్చిన టెర్మినల్. ఆల్టర్నేటర్‌కు కటౌట్ అక్కర్లేదు, లోపలి డయోడ్లే కరెంటు వెనక్కి పోకుండా ఆపుతాయి. అందుచేత దాని లావు స్టడ్డును నేరుగా బ్యాటరీకి కలిపి ఉంచుతారు. అది రాత్రీ పగలూ, తాళం ఉన్నా లేకున్నా లైవ్. పైగా ఆ డయోడ్లు పొరపాటును క్షమించవు. డైనమో కారులో బ్యాటరీ తిరగేసి బిగిస్తే కంగారుపడి సరిదిద్దుకునేవాళ్లు. ఆల్టర్నేటర్ కారులో ఆ క్షణంలోనే డయోడ్లు మాడిపోతాయి. రెండో మార్పు బ్యాటరీది. నీళ్లు పోయనక్కర్లేని సీలు బ్యాటరీలు 1970లలో అమెరికాలో మొదలై మెల్లగా అంతటా వచ్చాయి. మన దగ్గర తిరుపతి కేంద్రంగా ఉన్న అమర రాజా సంస్థ 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీ తెచ్చినప్పుడు నీళ్లు పోసే పని ఉండదన్నదే దాని ప్రచారానికి ఊపిరి. నీళ్లు పోయనక్కర్లేదంటే నెలనెలా బానెట్ ఎత్తనక్కర్లేదు. ఎత్తనక్కర్లేదంటే ఎత్తే అలవాటు పోతుంది. మూడో మార్పు యజమానిది. 1983 డిసెంబరులో మారుతి 800 తాళాలు చేతికి వచ్చాక మన దేశంలో కారు యజమాని అనే మనిషే మారిపోయాడు. డ్రైవరు పెట్టుకోకుండా తన కారు తానే నడుపుకునేవాడు, లోపల ఏముందో తెలుసుకోవలసిన అగత్యం లేనివాడు తయారయ్యాడు. ఏడాదికోసారి ఎప్పుడో బానెట్ ఎత్తినప్పుడు అతని చేతిలో తెలివి ఉంటుందని ఏ కంపెనీ నమ్మలేదు. సరిగ్గా ఆ నమ్మకం పోయిన చోటే, ఇవాళ లైవ్ టెర్మినల్ మీద కనిపించే ఎర్ర టోపీ పుట్టింది.

తెలుగులో టోపీ పెట్టడమంటే మోసం చేయడం కదా. ఈ టోపీలోనూ కొంచెం ఆ వాసన ఉందని అనిపిస్తుంది. నీ మంచికే అని చెబుతూ, ఇక్కడ నీకు పని లేదని కూడా అదే చెబుతుంది. కానీ దీన్ని పట్టుకుని టోపీ రావడమే తప్పనేవాళ్లతో నేను ఏకీభవించను. పాత పద్ధతి నైపుణ్యం ఉన్న చేతిని గౌరవించిందన్నది నిజం, నైపుణ్యం లేని చేతిని ఏమాత్రం కనికరించలేదన్నది కూడా అంతే నిజం. షెడ్డులో పని నేర్చుకునే పన్నెండేళ్ల కుర్రవాడి చెయ్యి కూడా ఆ బోడి స్టడ్ల మధ్యకే వెళ్లేది. అతనికి గోధుమరంగు వైరు అర్థం తెలిసేది ఒకసారి కాలాకే. పాత కార్లు యాభై ఏళ్లు ఆ స్టడ్లతోనే నడిచాయి కదా అనే వాదంలో కూడా ఒక చిల్లు ఉంది. మనకు కనపడేవి నడిచి మిగిలిన కార్లే. వైరింగు అంటుకుని తగలబడిన కారును ఎవరూ ప్రదర్శనలో పెట్టరు. చాలా పాత బ్రిటిష్ కార్లలో మొత్తం కారుకు రెండే ఫ్యూజులు, ఒక్కోటీ 35 ఆంపియర్లవి. హెడ్‌లైట్లు, ఇగ్నిషన్ ఆ రెంటి కిందకూ వచ్చేవి కావు. బోడి స్టడ్డు నుంచి లోపలికి వెళ్లే గోధుమరంగు వైరు షార్టయితే కాలిపోయే ఫ్యూజు ఆ వైరే. దానితోపాటు దాని పక్కన కట్టకట్టిన వైర్లన్నీ.

టోపీ చట్టం వల్లనే వచ్చింది, మనుషుల అలవాట్లతో పని లేదనే మరో వాదం ఉంది. పన్నెండు వోల్టుల కారు విషయంలో నేను దీన్ని నమ్మను. చట్టం నిజంగా చేయి పెట్టిన చోటు ఎలా ఉంటుందో ఎలక్ట్రిక్ కార్లలో చూడవచ్చు. 60 వోల్టులు దాటిన డీసీకి ఐక్యరాజ్య సమితి ఆర్100 నిబంధన వర్తిస్తుంది: కేబుళ్లకు నారింజరంగు తొడుగు ఉండాలి, మనిషి వేలిని పోలిన కీళ్ల కడ్డీతో పొడిచి చూసినా లైవ్ లోహం తగలకూడదు. ఆ కడ్డీని చూస్తే ఈ వందేళ్ల చరిత్ర ఎక్కడికి వచ్చిందో తెలుస్తుంది. ఒకప్పటి ఇంజనీరు వానచినుకును ఊహించుకుని టోపీ గీశాడు, ఇప్పటి ఇంజనీరు ఏమీ తెలియని వేలిని ఊహించుకుని గీస్తున్నాడు. పన్నెండు వోల్టుల వైపు ఇంత కచ్చితమైన ఒత్తిడి లేదు. అక్కడ ఎర్ర టోపీని తెచ్చింది ఎక్కువగా వారంటీ ఖర్చులు, మాడిన డయోడ్లు, ఇరుకైన ఇంజను గది, తెలియని యజమాని.

ఇప్పుడు పాత కారు ఉంచుకున్నవాళ్లు ఏం చేయాలన్నది మిగిలింది. అసలు రూపం చెడకూడదని టోపీ వద్దనేవాళ్ల వాదంలో న్యాయం లేకపోలేదు. కటౌట్ మీది అయిదు స్క్రూలను రబ్బరు కింద పాతేస్తే ఆ కారును చదివే దారే మూసుకుపోతుంది. వాటిని అలాగే వదిలేసి, చుట్టూ పానాలు పెట్టకుండా చూసుకుంటే చాలు. సోలనాయిడ్ బ్యాటరీ వైపు స్టడ్డు, ఆల్టర్నేటర్ బిగించి ఉంటే దాని లావు స్టడ్డు, బ్యాటరీ లైవ్ టెర్మినల్, ఈ మూడింటినీ మాత్రం కప్పవలసిందే. వాటి అసలు రూపాన్ని ఎవరూ మెడలు వంచి చూడరు. కప్పేదేదైనా వెనక్కి లాగి లోపల చూడగలిగేదిగా ఉండాలి. ఇన్సులేషన్ టేపు మంచిది కాదు; మన ఎండల్లో, ఇంజను వేడిలో దాని జిగురు కారి, పొర ఊడి, రెండు వేసవుల్లో అది జిగట ముద్దవుతుంది. సైకిల్ ట్యూబు ముక్క దానికంటే నయం, నూనె తగలని చోట. అచ్చుపోసిన రబ్బరు బూటు అన్నిటికంటే మేలు, కేబులు లగ్గు వేయకముందే తొడగాలని గుర్తుంచుకుంటే. తొడిగే ముందు చిలుము గీకి, మీద పెట్రోలియం జెల్లీ పూయాలి, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో.

చివరగా ఒక మాట. అంగట్లో దొరికే బ్యాటరీ టోపీ ఎర్రగా, పాజిటివ్‌కు సరిపోయేలా వస్తుంది. పాజిటివ్ ఎర్త్ ఉన్న పాత మారిస్‌కో ఎంజీకో దాన్ని తెచ్చి తొడిగితే బాడీకి కలిసి ఉన్న అమాయకపు టెర్మినల్‌కు టోపీ పడుతుంది, కాల్చే టెర్మినల్ బోడిగానే ఉంటుంది. పోనీ ఎవరో మధ్యలో ఎర్త్ మార్చి నెగటివ్ చేసి ఉంటే అదీ బయటికి తెలియదు. కాబట్టి టోపీ కొనేముందు రంగును నమ్మకండి. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లిన కేబులు ఏ వైపుదో కళ్లారా చూసి, రెండోదానికి తొడగండి.